విస్లర్ కొండ దిగేముందు బ్రేకుల సంగతి

చిన్నా,

కెనడాలో విస్లర్ బైక్ పార్కుకి, అదే లిఫ్టులో కొండెక్కి సైకిల్ మీద దిగే చోటికి, వెళ్తున్నావని అమ్మ చెప్పింది. అన్నిటికన్నా ముందు ఒక్క సంగతి. మన దగ్గర సైకిలైనా మోటార్‌సైకిలైనా ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. కెనడాలో సైకిళ్ళకి అది ఎడమచేతికి. కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది. వెనక బ్రేకు అనుకుని ఎడమది గట్టిగా నొక్కావో, ముందు చక్రం బిగిసి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతావు. లిఫ్టు ఎక్కకముందే చదును నేల మీద పది నిమిషాలు ఒక్కో బ్రేకూ విడిగా నొక్కి చూసుకో.

లీవరు మీద చూపుడువేలు ఒక్కటే ఉంచు, మిగతా వేళ్ళు గ్రిప్‌కి. మలుపు ఇంకా రాకముందే, సైకిల్ నిలువుగా ఉండగానే, రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించు. మలుపులోకి వచ్చాక వదిలెయ్. టైరుకున్న పట్టు ఒక్కటే, ఆపడానికీ తిరగడానికీ అదే సరిపోవాలి. మలుపులో ముందు బ్రేకు నొక్కితే చక్రం జారిపోతుంది. పైనుంచి కిందదాకా కొద్దికొద్దిగా నొక్కుతూనే దిగితే ఇంకో ఇబ్బంది: బ్రేకు ప్యాడ్లు కాగిపోతాయి, ముంజేతులు బిగుసుకుపోతాయి. మలుపుల ముందు నేల అలలు అలలుగా లేచి ఉంటుంది చూడు, అది అందరూ అక్కడే బ్రేకు నొక్కడం వల్ల వచ్చింది. ఆ గతుకులు మొదలుకాకముందే నీ పని ముగించుకో.

సీటు పూర్తిగా దించి, పెడల్స్ రెండూ ఒకే ఎత్తులో ఉంచి నిలబడు. మడమలు కిందికి, మోచేతులు బయటికి, ఛాతీ వంచి. బ్రేకు పడగానే ఒళ్ళు ముందుకి తూలకుండా ఆపేది ఆ దించిన మడమలే. "వెనక్కి వాలు" అని చాలామంది చెప్తారు, సగమే నిజం. మరీ వెనక్కి పోతే ముందు చక్రం మీద బరువు ఉండదు, ఎంత తిప్పినా తిరగదు. బరువు కాళ్ళ మీద ఉండాలి, చేతులు తేలిగ్గా ఉండాలి. చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, మలుపు అవతల.

నీ 75 కిలోలకి ట్యూబ్‌లెస్ టైర్లలో గాలి ముందు 24, వెనక 27 పీఎస్‌ఐతో మొదలుపెట్టు. రిమ్ము రాళ్ళకి తగులుతుంటే ఒకటి పెంచు, చెట్ల వేళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంటే ఒకటి తగ్గించు. ఫుల్‌ఫేస్ హెల్మెట్, మోకాలి ప్యాడ్లు తప్పనిసరి.

దారుల్లో మొదట ఆకుపచ్చ గుర్తున్న (తేలికైన) ఈజీ డజ్ ఇట్, అది చేతికొచ్చాకే నీలం గుర్తున్న (మధ్యరకం) క్రాంక్ ఇట్ అప్. ఏ-లైన్ అనే దారి పేరు అందరూ చెప్తారు, కానీ దానికి నల్ల గుర్తు, అంటే కష్టమైనది, నిండా జంపులే. ఈసారికి వద్దు. ఏ రోజైనా లీవరు మీద వేలు వణకడం మొదలైతే ఇంకొక్క రౌండు అనుకోకు, సైకిల్ తిరిగిచ్చేసి వచ్చెయ్.

మామయ్య