చిన్న టీవీ ఛానల్‌లో వాటా: పదవీ విరమణ సొమ్ము పెట్టవచ్చా?

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి ఈమధ్యే 62వ ఏట పదవీ విరమణ చేశాను. నెలనెలా పింఛను వస్తుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్ కలిపి 58 లక్షల రూపాయలు చేతికందాయి. అమ్మాయి పెళ్ళి ఇంకా చేయాలి. మా బావమరిది, అతని మిత్రులు కలిసి తెలుగులో ఒక వార్తా ఛానల్ పెడుతున్నారు. 25 లక్షలు పెడితే కంపెనీలో 1 శాతం వాటా, డైరెక్టర్ హోదా ఇస్తామంటున్నారు. 2 లక్షలు ముందుగా పంపాను కూడా. వార్తలు నిజాయితీగా ఇస్తే జనం తప్పక చూస్తారని వారి నమ్మకం. మరి ఇన్ని చిన్న ఛానళ్ళు ఎందుకు మూతపడుతున్నాయి? మిగిలిన సొమ్ము పెట్టమంటారా?

జవాబు: పెట్టవద్దు. మీ బావమరిది నిజాయితీ మీదా, వార్తల మీద అతనికున్న పట్టుదల మీదా నాకు ఏ అనుమానమూ లేదు. కానీ టీవీ ప్రసార వ్యాపారంలో పెద్ద ఛానల్‌కు డబ్బు తెచ్చిపెట్టే దారుల్లోనే చిన్న ఛానల్ తిరిగి డబ్బు కట్టవలసి వస్తుంది. చూసేవాళ్ళు తక్కువైతే ఆదాయం తగ్గుతుందని అందరూ ఊహిస్తారు. ఖర్చు కూడా పెరుగుతుందన్నది చాలామందికి తట్టదు. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ సమాధానం అక్కడే ఉంది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ఉపగ్రహం నుంచి సిగ్నల్ వదిలినంత మాత్రాన ఛానల్ ఇంటింటికీ చేరదు. కేబుల్ సంస్థో, డీటీహెచ్ సంస్థో దాన్ని తన వరుసలో చేర్చుకోవాలి. అందుకు ఛానల్ చెల్లించేదే క్యారేజీ ఫీజు. ప్రసార రంగాన్ని నియంత్రించే ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనలు దీనికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టాయి: మామూలు (హెచ్‌డీ కాని) ఛానల్‌కు ఒక్కో కనెక్షన్‌కు నెలకు 20 పైసలు. వినడానికి ఇది చాలా చిన్న మొత్తం. కానీ 20 లక్షల కనెక్షన్లున్న ఒక్క సంస్థకు లెక్క కడితే నెలకు 4 లక్షలు, ఏడాదికి 48 లక్షలు అవుతుంది. అంటే మీరు పెట్టబోయే 25 లక్షలు అటువంటి ఒక్క సంస్థకు ఆరు నెలల క్యారేజీకి సరిపోతాయి. రెండు రాష్ట్రాల్లో కనబడాలంటే ఇటువంటి సంస్థలు అనేకం కావాలి. ఆ నిబంధనల్లో గమనించవలసిన మరో సంగతి ఉంది. ఆ సంస్థ చందాదారుల్లో ఛానల్‌ను తీసుకున్నవారు 5 శాతం దాటితే ఫీజు తగ్గడం మొదలై, 20 శాతానికి చేరితే పూర్తిగా పోతుంది. కాబట్టి బాగా నడిచే ఛానల్ ఏమీ కట్టనవసరం లేదు, నిండుగా కట్టేది ఇంకా ఎవరికీ తెలియని ఛానలే. తర్వాత వచ్చిన సవరణలు నెలసరి మొత్తానికి పరిమితులు పెట్టాయి గానీ, పెద్ద ఛానల్‌కు తక్కువ, చిన్న ఛానల్‌కు ఎక్కువ అన్న ఈ తీరును మార్చలేదు.

క్యారేజీతో విషయం ముగియదు. మీ ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ ఆన్ చేయగానే మీరు ఏ నంబరూ నొక్కకుండానే ఏదో ఒక ఛానల్ తెర మీదికి వస్తుంది, గమనించే ఉంటారు. దాన్ని ల్యాండింగ్ పేజీ అంటారు, ఆ చోటును డబ్బిచ్చి కొనుక్కుంటారు. వార్తా ఛానళ్ళ వరుసలో పెద్ద ఛానల్ పక్కన నంబరు దొరకడానికి ప్లేస్‌మెంట్ పేరుతోనో, మార్కెటింగ్ పేరుతోనో వేరే ఒప్పందాలు ఉంటాయి. ఇవి క్యారేజీ పరిమితి కిందికి రావు. కొత్త ఛానల్ వారు తమ ప్రాజెక్టు రిపోర్టులో స్టూడియో, కెమెరాలు, జీతాల లెక్కలు చక్కగా రాసుకుంటారు కానీ ఈ పద్దు మాత్రం తరచు అరకొరగా ఉంటుంది. మీ బావమరిది చూపిన కాగితాల్లో ముందుగా వెతకవలసిన అంకె ఇదే.

ఇక రాబడి. వార్తా ఛానళ్ళలో చాలావరకు చందా లేకుండా ఉచితంగా వచ్చేవే కనుక ప్రకటనలే ప్రధాన ఆధారం. చందా వసూలు చేయదలచినా, ఒక పెద్ద సంస్థ తన వినోదం, సినిమా, వార్తా ఛానళ్ళను కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నప్పుడు ఒంటరి ఛానల్‌ను విడిగా డబ్బిచ్చి ఎంచుకునే ఇల్లు అరుదు. ప్రకటనలకు గంటకు 12 నిమిషాలే అనుమతి, అందులోనూ సొంత ప్రచారానికి పోయేది 2 నిమిషాలు. సమయం ఇలా అందరికీ సమానమే కాబట్టి తేడా అంతా నిమిషానికి పలికే ధరలోనే ఉంటుంది. ఆ ధరను నిర్ణయించేది, ఎంపిక చేసిన ఇళ్ళలో మీటర్లు పెట్టి ఏ ఛానల్‌ను ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ ఇచ్చే రేటింగు. దేశంలో 20 కోట్లకు పైగా ఇళ్ళలో టీవీలుంటే, బార్క్ మీటర్లు ఉన్నవి కొన్ని పదుల వేల ఇళ్ళు మాత్రమే, వాటిలో మన రెండు రాష్ట్రాలకు వచ్చేది ఒక భాగం. పెద్ద ఛానల్‌కు ఈ నమూనా సరిపోతుంది. చిన్న ఛానల్‌ను ఈ వారం నాలుగిళ్ళు ఎక్కువ చూస్తే రేటింగు ఎగురుతుంది, వచ్చే వారం ఆ ఇళ్ళవాళ్ళు ఊరెళితే పడిపోతుంది. ఇలా ఊగే అంకెను నమ్మి ఏ ప్రకటనల ఏజెన్సీ ఏడాది బడ్జెట్ కేటాయించదు. మొదటి మూడు నాలుగు ఛానళ్ళకు పంచి చేతులు దులుపుకుంటుంది. రేటింగుల అవకతవకల కేసు తర్వాత 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి వరకు వార్తా ఛానళ్ళకు రేటింగులే ఇవ్వలేదు. ఆ కాలంలో వచ్చిన కొత్త ఛానల్‌కు ప్రకటనదారు ముందు పెట్టడానికి ఒక్క అంకె కూడా లేకపోయింది, పాత ఛానళ్ళకు పాత పేరైనా ఉంది.

అందువల్లనే చిన్న ఛానల్ తెల్లవారుజామున జాతకాలకూ, మధ్యాహ్నం ప్లాట్ల వెంచర్లకూ, రాత్రి మందుల ప్రచారానికీ అరగంటల చొప్పున సమయం అమ్ముకుంటుంది. ఆ సొమ్ముతో ఆ నెల గడుస్తుంది గానీ, ఆ కార్యక్రమాలు వచ్చే వేళకు ప్రేక్షకుడు వేరే ఛానల్‌కు వెళ్ళిపోతాడు. రేటింగు ఇంకా తగ్గుతుంది, మరిన్ని అరగంటలు అమ్మవలసి వస్తుంది. కొన్ని చోట్ల మండల స్థాయి విలేకరులకు జీతం ఇవ్వకపోగా, లోగో ఉన్న మైకు చేతికివ్వడానికి వారి దగ్గరే డిపాజిట్ తీసుకుంటారు. మీరు వాటా తీసుకోబోయే ఛానల్‌లో అలాంటి పద్ధతి ఉన్నదని తెలిస్తే, మిగతా లెక్కలు చూడకుండానే వెనక్కి రండి. జీతం ఇవ్వలేని ఛానల్ వాటాదారుకు డివిడెండ్ ఇవ్వదు. పైగా ఆ విలేకరి బతుకు కోసం ఏం చేయవలసి వస్తుందో పల్లెల్లో పాఠాలు చెప్పిన మీకు నేను వివరించనవసరం లేదు.

‘కార్యక్రమాలు బాగుంటే జనం తప్పక చూస్తారు’ అన్న మాటకు అమెరికాలోని డ్యూమాంట్ టీవీ నెట్‌వర్క్ చరిత్ర మంచి సమాధానం. టీవీ సెట్లు తయారుచేసే అలెన్ డ్యూమాంట్ 1946లో దాన్ని నెట్‌వర్క్‌గా నడపడం మొదలుపెట్టాడు. దాని సాంకేతిక నైపుణ్యానికి, కార్యక్రమాలకు వంక పెట్టడానికి లేదు. అయితే దానికి పోటీగా ఉన్న పెద్ద నెట్‌వర్కులు ఎన్‌బీసీ, సీబీఎస్‌లు రేడియో లాభాలతో టీవీ నష్టాలను భరిస్తుంటే, దీనికి రేడియో నెట్‌వర్క్ లేదు. 1948 నుంచి 1952 వరకు అక్కడి నియంత్రణ సంస్థ కొత్త స్టేషన్ల అనుమతులు నిలిపివేయడంతో చాలా నగరాల్లో ఒకటో రెండో స్టేషన్లే మిగిలాయి. ఆ స్టేషన్లు సహజంగానే పెద్ద నెట్‌వర్కుల కార్యక్రమాలు వేసుకుని, మిగిలిన వేళలనే డ్యూమాంట్‌కు ఇచ్చాయి. డ్యూమాంట్‌లో పేరు తెచ్చుకున్న హాస్యనటుడు జాకీ గ్లీసన్‌ను 1952లో సీబీఎస్ ఎక్కువ డబ్బిచ్చి తీసుకుపోయింది. చివరికి నిలదొక్కుకోవడానికి డబ్బు అవసరమై, తన చేతిలో అందరికంటే ఎక్కువ సంపాదిస్తున్న పిట్స్‌బర్గ్ స్టేషన్‌ను వెస్టింగ్‌హౌస్‌కు 97.5 లక్షల డాలర్లకు అమ్ముకుంది. ఆ నగరంలో చెప్పుకోదగ్గ స్టేషన్ అదొక్కటే కావడం వల్ల ఇతర నెట్‌వర్కులు డ్యూమాంట్‌తో బేరానికి వచ్చేవి. అది పోయాక బేరమూ పోయింది. 1956లో డ్యూమాంట్ ప్రసారాలు ఆగిపోయాయి. చిన్న సంస్థ తాను తయారుచేసుకున్న ప్రతిభను పెద్ద సంస్థకు అప్పగించడం, గండం గడవడానికి సంపాదించే ఆస్తినే అమ్ముకోవడం మన ఛానళ్ళలోనూ చూస్తూనే ఉన్నాం. బాగా చదివే యాంకర్ మీ ఛానల్‌లో ఏడాదికి మించి ఉంటారనుకోకండి.

‘మాకు పెట్టుబడిదారులు గట్టివాళ్ళు’ అని కూడా మీతో అని ఉంటారు. హిందీలో ఎన్‌డీటీవీ ఇమాజిన్ అనే వినోద ఛానల్ 2008 జనవరిలో రామాయణం సీరియల్‌తో ఆర్భాటంగా మొదలైంది. 2009 చివర్లో అమెరికాకు చెందిన టైమ్ వార్నర్ గ్రూపులోని టర్నర్ సంస్థ అందులో మెజారిటీ వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. ప్రపంచంలోని అతిపెద్ద మీడియా సంస్థల్లో ఒకటి వెనక ఉన్నా, 2012 ఏప్రిల్‌లో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించవలసి వచ్చింది. అదే 2008 జూలైలో వచ్చిన కలర్స్ ఛానల్ మరుసటి ఏడాదే మొదటి స్థానానికి చేరిందన్నది కూడా నిజమే, దాన్ని దాచి మీకు సలహా చెప్పడం న్యాయం కాదు. కానీ అలా పైకి వచ్చేవి చాలా కొద్ది. తెలుగులో ప్రేక్షకాదరణ సంపాదించిన మా టీవీ సైతం 2015లో స్టార్ సంస్థ చేతికి వెళ్ళింది. ఇప్పుడైతే ప్రకటనల సొమ్ము ఫోన్లవైపు మళ్ళుతోంది, 2024లో దేశంలో డిజిటల్ మాధ్యమాల ఆదాయం టీవీని దాటింది. చిన్న ఛానళ్ళకు మిగిలే వాటా ఇంకా కుంచించుకుపోతోంది.

మీ 25 లక్షల విషయానికి వద్దాం. 1 శాతానికి 25 లక్షలంటే, ఇంకా ప్రసారమే మొదలుపెట్టని కంపెనీకి మీరు 25 కోట్ల విలువ కడుతున్నారన్నమాట. ఏడాదికి 7 శాతం చొప్పున 1.75 లక్షలు మీ చేతికి రావాలంటే కంపెనీ 1.75 కోట్ల లాభం వాటాదారులకు పంచాలి. వందమంది సిబ్బంది సగటున 25 వేల జీతంతో పనిచేస్తారనుకుంటే, మీ జీవితకాలపు పొదుపులో ఈ భాగం ఒక్క నెల జీతాలకు చెల్లిపోతుంది. తర్వాతి విడత పెట్టుబడికి కొత్త వాటాలు జారీ చేసినప్పుడు మీరు మళ్ళీ డబ్బు పెట్టకపోతే మీ 1 శాతం అర శాతమో, పావు శాతమో అవుతుంది. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ వాటాను మీ అమ్మాయి పెళ్ళి సమయానికి అమ్ముకుందామంటే కొనే బజారు లేదు, బదిలీకి కూడా కంపెనీ నిబంధనలు అడ్డం వస్తాయి.

డైరెక్టర్ హోదా మాట నాకు వాటాకంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. ప్రైవేటు కంపెనీ ఆదాయపు పన్ను బకాయి పడి, కంపెనీ నుంచి వసూలు కాకపోతే, తమ నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోలేని డైరెక్టర్ల నుంచి రాబట్టే అధికారం చట్టంలో ఉంది. బ్యాంకు అప్పుకు వ్యక్తిగత హామీ సంతకం పెట్టమంటే, మీ నష్టం 25 లక్షలతో ఆగదు, ఇల్లు కూడా అందులోకి వస్తుంది. ఆ సంతకం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. అనుమతుల సంగతి కూడా అడగండి. వార్తా ఛానల్‌కు కేంద్ర సమాచార, ప్రసార శాఖ అనుమతి కావాలి, అందుకు కంపెనీ నికర విలువ కనీసం 20 కోట్లు ఉండాలి. అంత లేనప్పుడు కొందరు, ఉన్న ఛానల్ అనుమతిని అద్దెకు తీసుకుని పేరు మార్చి నడపాలని చూస్తారు. శాఖ ఆమోదం లేకుండా ఆ అనుమతి చేతులు మారడానికి వీల్లేదు. అటువంటి ఏర్పాటులో మీరు కొనేది ఎవరి అనుమతి మీదో నిలబడిన కంపెనీలో వాటా.

ఆ సొమ్మును ఏం చేయాలంటే, మీ వయసుకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ సరిగ్గా సరిపోతుంది. ప్రస్తుత వడ్డీ 8.2 శాతం, ఒక్కరి పేరిట గరిష్ఠంగా 30 లక్షలు పెట్టవచ్చు. 25 లక్షల మీద మూడు నెలలకోసారి 51,250 రూపాయలు వస్తాయి. వడ్డీకి పన్ను ఉంటుంది, ఖాతా కాలం ఐదేళ్ళు. పెళ్ళికి అవసరమైన మొత్తాన్ని మాత్రం ఇందులో కలపకుండా, ముహూర్తం పెట్టుకునే కాలానికి సరిపడేలా బ్యాంకు డిపాజిట్లలో విడిగా ఉంచండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరోగ్య బీమా ప్రీమియం పొదుపు ఖాతాలో ఉండాలి. ఇవన్నీ పోగా మిగిలిన దానిలో ఎంతో కొంత మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలా అన్నది మీ పింఛను, ఇతర ఖర్చులు తెలిస్తేగాని చెప్పలేను. ఇంట్లో మాట పోకుండా ఉండటానికి బావమరిదికి ఏదైనా సాయం చేయాలనిపిస్తే, తిరిగి రాకపోయినా బాధపడని మొత్తాన్ని మీ భార్యతో కలిసి నిర్ణయించి, వాటా కింద కాక కానుకగా ఇవ్వండి.

ఇప్పటికే పంపిన 2 లక్షల గురించి: ముందు అది ఎవరి ఖాతాలోకి వెళ్ళిందో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. కంపెనీ ఖాతాలోకి వాటాల దరఖాస్తు సొమ్ముగా వెళ్ళి ఉంటే, కంపెనీల చట్టం ప్రకారం 60 రోజుల్లోగా వాటాలు కేటాయించాలి, లేకపోతే ఆ తర్వాతి 15 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. అదీ చేయకపోతే 60వ రోజు నుంచి 12 శాతం వడ్డీ చెల్లించాలి. ఇంకా వాటాలు కేటాయించలేదంటే, పెట్టుబడి పెట్టే ఉద్దేశం మానుకున్నానని, సొమ్ము వాపసు చేయమని ఈ వారంలోనే కంపెనీ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. బావమరిది సొంత ఖాతాలోకి వెళ్ళి ఉంటే అది మీ ఇద్దరి మధ్య అప్పు మాత్రమే అవుతుంది. అప్పుడు అతని చేత ప్రామిసరీ నోటు రాయించుకోండి, తేదీ వేయించడం మరచిపోకండి, ఎందుకంటే దావాకు మూడేళ్ళ గడువు ఆ తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది.