హంటింగ్టన్ (మెదడును క్రమంగా దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) జీన్ పరీక్షలో పాజిటివ్ వస్తే ఇక ఉద్యోగం మానేయాల్సిందేనా?

అక్కర్లేదు; జీన్ రిపోర్టు పని సామర్థ్యాన్ని కొలవదు. సీఏజీ పునరావృతాలు (ఆ జీన్‌లో సీ, ఏ, జీ అనే మూడు డీఎన్ఏ అక్షరాలు వరుసగా ఎన్నిసార్లు వచ్చాయన్న లెక్క) 40 లేదా అంతకు మించి ఉంటే జబ్బు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందని తెలుస్తుంది, ఇవాళ పని చేతనవుతుందా అన్నది దాంట్లో ఉండదు. తొలిదశలో ఒళ్లు కదలికల కంటే ముందే ఆలోచన వేగం, ఒకేసారి రెండు పనులు చూసుకోవడం, చిరాకును ఆపుకోవడం దెబ్బతినొచ్చు. అందుకే నరాల డాక్టరు పరీక్షతో పాటు ఏకాగ్రత పరీక్షలు, ఇంటివాళ్ల మాట, 13 పాయింట్ల పనితీరు స్కేలు (ఉద్యోగానికి అందులో 3) అన్నీ చూడాలి. ఇంటివాళ్ల మాట తప్పనిసరి. తనలో వచ్చిన మార్పు రోగికే తెలియకపోవడం ఈ జబ్బులో మామూలు.

ఉదాహరణకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక గుమాస్తా అనుకుందాం. చేతులు వణకవు, కానీ ఫోన్ మాట్లాడుతూ పత్తి తూకం రాస్తే అంకెలు తప్పుతాయి. ఫోన్ పని వేరేవాళ్లకు ఇస్తే అదే కొలువు చేసుకోగలడు. డ్రైవరైతే అంత వెసులుబాటు ఉండదు, బండి నడిపే పరీక్ష విడిగా పెట్టాలి.

చాలామంది సదరం సర్టిఫికెట్‌లోని శాతాన్నే పని సామర్థ్యం అనుకుంటారు. అది వైకల్యం శాతం. 40 వచ్చినంత మాత్రాన పనికి 60 మిగిలిందని కాదు.