తుఫాను లెక్క సగానికే ఆగిపోతోందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సౌరగాలి (సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం) కొలతల నుంచి, ఓబ్రయన్–మెక్‌ఫెరన్ సూత్రంతో డీఎస్‌టీ సూచీ (తుఫానులో భూఅయస్కాంత క్షేత్రం ఎంత తగ్గిందో చెప్పే సంఖ్య) కట్టే పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. 2024 మే భూఅయస్కాంత తుఫానులో సూచీ −400 నానోటెస్లాలు దాటి పడింది. నాకు అందులో సగమైనా రావడం లేదు. సూత్రం మార్చాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: సూత్రం జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు దానికి అందిస్తున్న డేటా చూడండి. ఓమ్ని (నాసా సౌరగాలి డేటా సంకలనం) గంటల ఫైల్లో కొలత లేనిచోట సౌరగాలి వేగానికి 9999, బీజడ్‌కు (సౌరగాలి అయస్కాంత క్షేత్రపు ఉత్తర–దక్షిణ భాగం, దక్షిణమైతే రుణసంఖ్య) 999.9 అని నింపి ఉంటుంది. వేగంలో 9999 ఉంటే గ్రాఫు పాతాళానికి దూకుతుంది, ఇట్టే దొరికిపోతుంది. బీజడ్ 999.9 మాత్రం దొంగ. అది ధనసంఖ్య కాబట్టి దక్షిణ క్షేత్రం సున్నా అనుకుని ప్రోగ్రామ్ ఆ గంటలో తుఫానే లేనట్టు సాగిపోతుంది. రెండింటినీ చదివేటప్పుడే ఖాళీగా మార్చండి.

రెండో అనుమానం సగటు మీద. బీజడ్ అరగంట −20, అరగంట +20 ఉంటే గంట సగటు సున్నా. భూమికి అందిన శక్తి మాత్రం సున్నా కాదు. నిమిషాల డేటాతో వీబీఎస్ (వేగం × బీజడ్ దక్షిణ భాగం) కట్టి, ఆ తర్వాతే గంటకు సగటు తీయండి. నిమిషాల ఫైల్లో ఖాళీ గుర్తులు వేరు, బీజడ్‌కు 9999.99. బీజడ్ జీఎస్ఎం (భూఅయస్కాంత అక్షాన్ని లెక్కలోకి తీసుకునే) అక్షాల్లోదే కావాలి, జీఎస్ఈది (భూకక్ష్య తలాన్ని బట్టి ఉండేది) కాదు. ఎల్1 (ఉపగ్రహాలు సౌరగాలిని కొలిచే, భూమికి సూర్యుడి వైపున్న బిందువు) నుంచి భూమికి ప్రయాణ సమయం ఓమ్నిలో ముందే సర్దేసి ఉంటుంది, మళ్లీ జరపకండి.

ప్రోగ్రామ్‌ను చేతిలెక్కతో పరీక్షించండి. వేగం 600 కి.మీ./సె., బీజడ్ −10 నానోటెస్లాలు అయితే వీబీఎస్ 6 మిల్లీవోల్ట్/మీటరు. సూచీకి గంటకు చేరేది −4.4×(6−0.49), అంటే సుమారు −24.2. క్షయకాలం (తుఫాను ఎంత త్వరగా సడలుతుందో చెప్పే సమయం) 2.40×ఎక్స్‌ప్(9.74÷(4.69+6)), దాదాపు 6 గంటలు. సున్నా నుంచి మొదలుపెడితే 5 గంటలకు −82 దగ్గర ఉండాలి. ఘనపు సెంటీమీటరుకు 10 ప్రోటాన్లుంటే సౌరగాలి పీడనం 6 నానోపాస్కల్స్, 7.26×√పీడనం−11 కలిపితే −75. బీజడ్ ఉత్తరానికి తిరగ్గానే క్షయకాలం 19 గంటలకు పెరుగుతుంది. చాలామంది 6నే స్థిరంగా ఉంచేస్తారు, అందుకే వాళ్ల తుఫాను తొందరగా కోలుకుంటుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా కొంత తేడా మిగిలితే ఆశ్చర్యం లేదు. ఈ స్థిరాంకాలు ప్రధానంగా మోస్తరు తుఫానుల నుంచి వచ్చినవి.

ప్రశ్న: అంత తుఫానులో కర్నూలులో దిక్సూచి ముల్లు తిరుగుతుందా? ఫోన్ యాప్‌లో కనబడుతుందా?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: కంటికి తెలిసేలా తిరగదు. మన దగ్గర క్షితిజ సమాంతర క్షేత్రం 40,000 నానోటెస్లాల పైచిలుకు. భూమి చుట్టూ ఏర్పడే వలయ ప్రవాహం దాన్ని దాదాపు అదే ఉత్తర–దక్షిణ గీత మీద తగ్గిస్తుంది. 400 పోయినా ఒక శాతమే. బలం తగ్గుతుంది, దిశ నిలుస్తుంది. ఫోన్‌లోనూ ఆశ పెట్టుకోకండి, పక్కన బైకు కదిలితే వచ్చే మార్పు అంతకంటే ఎక్కువ.

హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) పరిశీలనశాల కొలతలు ఇంటర్‌మాగ్నెట్ (ప్రపంచ అయస్కాంత పరిశీలనశాలల నెట్‌వర్క్)లో దొరుకుతాయి. అయితే ఏ అలజడీ లేని రోజున కూడా మధ్యాహ్నం పదుల నానోటెస్లాల పెరుగుదల ఉంటుంది. ఆ నెలలో అతి ప్రశాంతమైన 5 రోజుల గంటగంటా సగటు తీసేసి, మిగిలినదాన్నే డీఎస్‌టీతో పోల్చండి.