అరగంట పోతే పోయింది, ఆగండి

ప్రశ్న: లాస్ వేగాస్ నుంచి అమ్మానాన్నలతో ఒక్కరోజులో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారి పార్కు చూసి రావాలనుకుంటున్నాం. ఫోన్‌లో మ్యాప్ ఉండగా విజిటర్ సెంటర్‌లో ఆగడం టైమ్ వేస్ట్ కదా?

జవాబు: నేనూ అలాగే అనుకున్నానమ్మా. తీరా లోయలోకి దిగాక ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మ్యాప్ గిర్రున తిరుగుతూ కూర్చుంది, వెనక సీట్లో మా అత్తగారు ఆంజనేయ దండకం మొదలుపెట్టారు.

ఫర్నెస్ క్రీక్ దగ్గరున్న విజిటర్ సెంటర్‌లో ఆగండి. పార్కు టికెట్ అక్కడ కొనుక్కోవచ్చు, బాత్రూములు ఉన్నాయి, సీసాల్లో నీళ్లు పట్టుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు ఏ రోడ్డు తెరిచి ఉందో అడగడం. ఎడారిలో వానేంటని నవ్వకండి. 2023 ఆగస్టులో హిలరీ తుపాను వానకు రోడ్లు కొట్టుకుపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూతబడింది. మాకు కౌంటర్‌లో రేంజరమ్మ (పార్కు ఉద్యోగిని) కాగితం మ్యాప్ మీద పెన్నుతో గీసి మరీ చెప్పింది: పెద్దవాళ్లున్నారు కాబట్టి బ్యాడ్‌వాటర్ అనే ఉప్పు మైదానం ముందు చూసెయ్యండి, ఎండాకాలమైతే పది దాటాక కింద లోయలో నడవొద్దు అని.

బయట పెద్ద థర్మామీటర్ బోర్డు ఉంటుంది. ఫొటో కోసం అక్కడ తిరుపతి క్యూ! 1913లో ఇక్కడే 56.7 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల ఎండ తెలిసిన మా మామగారు కూడా ఆ అంకె విని కిక్కురుమనలేదు.

బ్యాడ్‌వాటర్ అక్కడికి అరగంట, సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన. కారు దిగాక వెనక్కి తిరిగి కొండ పైకి చూడండి, సముద్రమట్టం ఎక్కడో చెప్పే చిన్న బోర్డు కనిపిస్తుంది. ఆ రేంజరమ్మ చెప్పకపోతే మేం కిందున్న ఉప్పునే చూసి వచ్చేసేవాళ్లం.