1982లో పెళ్లయింది, నాన్న 1998లో పోయారు: పొలంలో నాకు వాటా వస్తుందా?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లా. నాన్నగారికి పిత్రార్జితంగా 4 ఎకరాల 80 సెంట్ల మాగాణి ఉండేది. ఆయన వీలునామా రాయకుండానే 1998లో చనిపోయారు. అమ్మ ఉంది. నాకు అన్నయ్య, తమ్ముడు. నా పెళ్లి 1982లో జరిగింది. 2002లో వాళ్లిద్దరే పెద్దమనుషుల్లో కూర్చుని తెల్లకాగితం మీద పంపకాలు రాసుకున్నారు. ఇప్పుడు పొలం అమ్ముతూ నన్ను సంతకం పెట్టమంటున్నారు. ‘కట్నం, పసుపు కుంకుమ ఇచ్చాం, నీకింకేం రాదు’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. మీకు వాటా ఉంది, అదీ అన్నదమ్ములతో సమానంగా. ఏ హక్కూ లేని మనిషి సంతకం ఎవరికీ అవసరం ఉండదు.

‘1985కి ముందు పెళ్లయిన ఆడపిల్లకు రాదు’ అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. అది ఒట్టి పుకారు కాదు, ఒకప్పటి చట్టమే. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి వంతులో మాత్రమే కూతురికి భాగం ఇచ్చింది. పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కును కొడుకులకే ఉంచేసింది. ఆడవాళ్లకు ఆస్తి హక్కు ఇవ్వజూసిన హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలలేదని 1951లో అంబేడ్కర్ మంత్రి పదవినే వదులుకున్నారు. తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చిన చట్టాల్లోనూ ఈ లోటు మిగిలిపోయింది. కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చి దాన్ని పూడ్చడానికి దేశంలో మొదట పూనుకున్నది మన రాష్ట్రమే. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ 1956 చట్టానికి చేర్చిన 29ఎ సెక్షన్ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుర్ని కొడుకుతో సమానం చేసింది. కానీ ఆ తేదీకి పెళ్లయిపోయిన వాళ్లను పక్కన పెట్టింది. ఆ ఒక్క షరతు వల్ల ఒకే ఇంట్లో అక్కకు లేని హక్కు చెల్లెలికి వచ్చిన కుటుంబాలు ఎన్నో.

2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లి ఊసే లేదు. కాబట్టి 1982 అనే తేదీ ఇక మీకు అడ్డం కాదు. ‘2005 నాటికి తండ్రి బతికి ఉండాలి’ అని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాట చెల్లదని తేల్చింది. మీ నాన్నగారు 1998లోనే పోయినా మీ హక్కు పోదు.

ఇక లెక్క. పాత పద్ధతిలో నాన్న, ఇద్దరు కొడుకులకు మూడు వంతులు. నాన్న వంతు 160 సెంట్లను అమ్మ, మీరు ముగ్గురు నాలుగు భాగాలు చేసుకుంటే మీకు దక్కేది 40 సెంట్లు. ఇప్పుడు నాన్న, ఇద్దరు కొడుకులు, మీరు కలిసి నాలుగు వంతులు, తలా 120 సెంట్లు. నాన్న 120లో మళ్లీ నలుగురికీ తలా 30. అంటే మీకు 150 సెంట్లు, ఎకరంన్నర. అన్నయ్యకూ అంతే, తమ్ముడికీ అంతే. అమ్మకు 30 సెంట్లు. పాత లెక్కలో ఆమెకు 40 వచ్చేవి. కూతురి వంతు పెరిగితే తల్లి వంతు తగ్గడం ఈ సవరణలో నాకు బాధ కలిగించే విషయం. ఆమె 30 సెంట్లు ఆమెకే ఉండేలా మీరు చూడండి.

ఒక సంగతి ముందే తేల్చుకోండి. ఆ పొలం మీ తాతగారి స్వార్జితమై, ఆయన 1956 జూన్ 17 తర్వాత పోయి, వారసత్వంగా నాన్నకు వచ్చిందనుకుందాం. అప్పుడది నాన్న సొంత ఆస్తి. నలుగురికీ సమానంగా తలా 120 సెంట్లు. ఇంట్లో అందరూ ‘పిత్రార్జితం’ అన్నంత మాత్రాన చట్టం దృష్టిలో అలా కాదు, పాత దస్తావేజు చూడాలి.

మీ కేసులో అసలు పేచీ 2002 కాగితం దగ్గర వస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పారీఖత్తుతో (పంపకాల దస్తావేజుతో) గానీ కోర్టు డిక్రీతో గానీ జరిగిన పంపకాలను సవరణ కదపదు. తెల్లకాగితం ఆ రెంటిలో దేనికిందికీ రాదు. ‘నోటిమాటగా పంచుకున్నాం, గుర్తుకు రాసుకున్నాం’ అని వాళ్లు వాదిస్తారు. సర్కారు రికార్డుల బలం లేకుండా ఒట్టి నోటి సాక్ష్యాన్ని నమ్మవద్దని వినీతా శర్మ తీర్పే చెప్పింది. అందుకే 2004కి ముందే ఎవరి పేరున వాళ్లకు పాసు పుస్తకాలు వచ్చాయేమో పాత అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) నకళ్లు తీసి చూడండి. అలా ఉంటే వాళ్ల వాదనకు కొంత బలం వస్తుంది. అయినా 1998లోనే మీరు వారసురాలు. మిమ్మల్ని పిలవకుండా చేసుకున్న పంపకం మిమ్మల్ని కట్టిపడేయదు. వాళ్ల వాదనే గెలిచిందనుకున్నా పాత లెక్కలో మీకు దక్కే ఆ 40 సెంట్లు ఎక్కడికీ పోవు.

కట్నం వాటాకు బదులు కాదు. అసలు కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం. పసుపు కుంకుమగా మీ పేర భూమి రాసి ఉంటే, ఆ దస్తావేజు మాత్రం మీ లాయరుకు చూపించండి.

సంతకం విషయంలో తొందరపడకండి. ‘అమ్మకానికి సాక్షి సంతకం’ అని చెప్పి ముందు పెట్టే కాగితం మీద తరచూ ‘హక్కు విడుదల దస్తావేజు’ అని ఉంటుంది. లోపల ‘నా వంతు ప్రతిఫలం పూర్తిగా ముట్టినది’ అనే వాక్యం ఉంటుంది. సబ్ రిజిస్ట్రారు ముందు వేలిముద్ర పడ్డాక దాన్ని రద్దు చేయించాలంటే మోసం జరిగిందని మీరే రుజువు చేయాలి, అదీ తెలిసిన మూడేళ్లలోపే దావా వేసి.

ముందు ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), అడంగల్, నాన్న మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. లాయరు నోటీసు ఇప్పించండి. ఒప్పుకోకపోతే పొలం ఉన్న పరిధిలోని సివిల్ కోర్టులో భాగపంపిణీ దావా వేయండి. ఉమ్మడి ఆస్తులన్నీ షెడ్యూల్లో పెట్టాలి. ఒక్కటి వదిలేసినా, అమ్మను పార్టీగా చేర్చకపోయినా అదే సాకుగా దావాకు గండి పడుతుంది. అమ్మకం ఆపమని మధ్యంతర ఇంజంక్షన్ కూడా అదే రోజు అడగండి. ‘నీకేం లేదు’ అని తేల్చి చెప్పి మిమ్మల్ని బయట పెట్టిన సంగతి తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల గడువు నడుస్తుంది కాబట్టి వాయిదా వేయకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ 15100.

చాలామంది ప్రిలిమినరీ డిక్రీ రాగానే గెలిచామని ఇంటికి వెళ్లిపోతారు. అది వంతులు చెప్పే కాగితం మాత్రమే. ఫైనల్ డిక్రీకి పిటిషన్ వేస్తే అడ్వకేట్ కమిషనర్ సర్వేయరుతో వచ్చి గట్లు కొలిచి మీ ఎకరంన్నర ఎక్కడో చూపిస్తారు. ఆ డిక్రీని స్టాంపు పేపర్ల మీద రాయించుకుని, తహసీల్దారు ఆఫీసులో మీ పేరున మ్యుటేషన్‌కు (రికార్డుల్లో పేరు మార్పుకు) అర్జీ పెట్టండి.