రసగుల్లా డబ్బాకి సొట్టలు పడకుండా చిల్లులు కొట్టాలంటే

దీపావళికి ఖాళీ రసగుల్లా డబ్బాలతో లాంతర్లు చేద్దామంటే మేకు కొట్టినప్పుడల్లా రేకు సొట్టపోతోందని, వేసిన రంగు కూడా పొరలుగా ఊడుతోందని రాశారు కదండీ, టెన్షన్ పడకండి, రెండింటికీ దారి ఉంది. డబ్బాలో నీళ్లు పోసి, పైన ఒక అంగుళం ఖాళీ వదిలి, రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. లోపల ఐసు గట్టిగా ఆనుకుని ఉంటుంది కాబట్టి సుత్తి దెబ్బకి రేకు లోపలికి పోదు. అడుగు కాస్త ఉబ్బొచ్చు, ఐసు కరిగాక మెల్లగా తడితే సరిపోతుంది. కాగితం మీద చుక్కల ముగ్గు వేసి డబ్బాకి టేపుతో అంటించి, మడత పెట్టిన తువ్వాలు మీద పడుకోబెట్టి, చుక్కచుక్కకీ మేకు కొట్టండి. ఐసు కరిగేలోపే పని అయిపోవాలి, అందుకే నేను ఒక్కో డబ్బానే బయటికి తీస్తాను.

రంగు ఊడేది రేకు నున్నగా ఉండటం వల్లే. 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, తడి లేకుండా తుడిచి, ముందు మెటల్ ప్రైమర్, అది పూర్తిగా ఆరాక ఎనామిల్ పెయింట్ వేయండి. అన్నట్టు, మూత కోసిన అంచు బ్లేడులా తెగుతుంది, పిల్లలు ముట్టుకోకముందే పట్టకారుతో లోపలికి మడిచి నొక్కేయండి. వెలిగించాక డబ్బా బాగా కాలుతుంది, కర్టెన్లకి దూరంగా పెట్టండి.