పేపర్లు రాయనివాళ్ళకీ వేదిక మీద చోటు పెట్టండి

చిరంజీవి అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కాన్ఫరెన్స్ ప్రకటన చిత్తుప్రతి చదివాను. మన జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ (కోడ్ తెరిచి ఉంచి, ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగేది) మీద రెండు రోజుల సభ పెడుతోందంటే ఎంత సంతోషమో చెప్పలేను. నువ్వు నన్ను చూడమన్నది వక్తల జాబితా. అది తర్వాత చూద్దాం. ముందు ఆ చివరి పేజీలో పెట్టిన దరఖాస్తు ఫారం సంగతి మాట్లాడాలి. మీ సభకి ఎవరు వస్తారో, ఎవరు రారో అక్కడే తేలిపోయింది.

పేరు, హోదా, శాఖ, సంస్థ, సంస్థ ఇచ్చిన ఈమెయిల్, గైడ్ పేరు. అన్నిటి పక్కనా ఎర్ర చుక్క, అంటే నింపకపోతే ముందుకు కదలదు. ఆపైన రెండు కాలమ్‌లలో ఆరు పేజీల పరిశోధన పేపరు. దీన్ని నింపగలిగేది మీ కాలేజీ వాళ్ళు, పక్క కాలేజీ వాళ్ళు, అంతే.

కాన్ కోలివాస్ అయితే నింపలేడు. ఆయన ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్ పని అయ్యాక ఇంటికొచ్చి లినక్స్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నెల్‌లో షెడ్యూలర్ మీద కూర్చునేవాడు. ఏ ప్రోగ్రాముకి ప్రాసెసర్ ఎంతసేపు దక్కాలో తేల్చే భాగం అది. పెద్ద సర్వర్ల సంగతి సరే, ఇంట్లో మామూలు కంప్యూటర్ వాడేవాడికి పని మధ్యలో తెర బిగుసుకుపోకూడదన్నది ఆయన పట్టుదల. 2007లో కెర్నెల్ రాసేవాళ్ళలో ఒకడైన ఇంగో మోల్నార్ సీఎఫ్ఎస్ అనే కొత్త షెడ్యూలర్ తెచ్చినప్పుడు, ప్రోగ్రాములన్నిటికీ న్యాయంగా వాటా పంచే పద్ధతి పనిచేస్తుందని ముందుగా చూపించింది కోలివాస్ అని ఆ ప్రకటనలోనే ఒప్పుకున్నాడు. అది 2.6.23 కెర్నెల్‌లో చేరి ఏళ్ళ తరబడి సర్వర్లనీ ఫోన్లనీ నడిపింది. (తన కోడ్ పక్కన పెట్టారని కోలివాస్ నొచ్చుకుని తప్పుకోవడం, 2009లో ఇంకో షెడ్యూలర్‌తో తిరిగి రావడం వేరే కథ. కలిసినప్పుడు చెప్తాను.) మీ ఫారంలో శాఖ అన్న గడిలో ఆయన ఏం రాయాలి? అనస్థీషియా అనా?

అలాగే ఎన్‌వీడీఏ. చూపు లేనివాళ్ళకి తెర మీదున్నది చదివి వినిపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్ల ధర చాలామందికి అందకపోవడం చూసి 2006లో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు. ఆయనకీ చూపు లేదు. ఆయన్ని పిలిచి, గైడ్ ఎవరు బాబూ అని అడుగుతామా?

ఇదంతా చదివి ప్రొఫెసర్ల మీద కత్తి దూస్తున్నాననుకోకు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన స్టాల్‌మన్ ఎంఐటీ ల్యాబ్ నుంచి వచ్చినవాడు. లినక్స్ మొదలుపెట్టేనాటికి టోర్వాల్డ్స్ హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి. నువ్వు థీసిస్ రాసుకున్న టెక్ అనే అక్షరాల కూర్పు సాఫ్ట్‌వేర్ స్టాన్‌ఫోర్డ్‌లో ప్రొఫెసర్ కనూత్ చేసింది. పేపర్లు తీసేయమని నేననను. మీ హెచ్‌ఓడీ గారికి పేపర్ల లెక్క కావాలి, కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు చూపించాలి, పీహెచ్‌డీ పిల్లలకి ప్రచురణ కావాలి. అవన్నీ న్యాయమైన అవసరాలే. కానీ పేపర్ల సంపుటి వేరు, సభ వేరు. సంపుటికి పెట్టిన రూల్స్ తెచ్చి సభ గుమ్మానికి తగిలించారు మీరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ రెండింటినీ విడదీయడం కొత్తేమీ కాదు. అందరూ కలిసి ప్రపంచ మ్యాపు గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ స్టేట్ ఆఫ్ ది మ్యాప్ సభలో వీధులు తిరిగి మ్యాపులు గీసేవాళ్ళే ముందునుంచీ మాట్లాడేవారు. 2018లో మిలాన్‌లో పరిశోధకుల కోసం విడిగా అకడమిక్ ట్రాక్ పెట్టారు. పరిశోధకులకి చోటు దొరికింది, మిగతావాళ్ళ చోటు పోలేదు. మీరు అటునుంచి నరుక్కురండి. పేపర్ల ట్రాక్‌ని దాని రివ్యూలతో, దాని ఫార్మాట్‌తో ఒక గదిలో ఉంచండి. మిగతా గదులకి వేరే ఫారం పెట్టండి. అందులో అడగాల్సినవి: ఏం చేశారు, అది ఎక్కడ చూడొచ్చు, ఏ లైసెన్స్ కింద ఇచ్చారు (అంటే ఎవరు ఎలా వాడుకోవచ్చన్న షరతులు), విన్నవాళ్ళకి ఏం తెలుస్తుంది. తెలుగులో రాసినా తీసుకోండి. రాయడం ఇబ్బందైతే ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి పంపమనండి, మీ పిల్లలెవరో రాసిపెడతారు.

లైసెన్స్ ప్రశ్న మాత్రం ఎవరికీ సడలించకు. తలుపు తెరిచామంటే ముందు దూరేది అమ్మకాలవాళ్ళు. "ఓపెన్ సోర్స్ ఆధారిత పరిష్కారం" అంటూ సూటు వేసుకుని వచ్చి 40 నిమిషాలు తమ సరుకు పొగుడుకుని పోతారు. సోర్స్ కోడ్ లింకు ఇవ్వనివాళ్ళకి, స్పాన్సరైనా సరే, వేదిక లేదు. వరండాలో స్టాల్ పెట్టుకోమను. ఇక కాలేజీవాడు కాదు కదా అని ఏది పంపినా తీసుకోవాలనీ లేదు. బాగాలేనిదాన్ని కాదనండి, ఎందుకు కాదన్నారో రెండు ముక్కలు రాయండి. ఆ ఎంపిక చేసే కమిటీలో మాత్రం సగంమందైనా కాలేజీ బయటివాళ్ళు ఉండాలి.

ఎవరిని పిలవాలి అంటావా? కోడ్ రాసేవాళ్ళ దగ్గరే ఆగిపోకు. లినక్స్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే డెబియన్ లాంటి ప్రాజెక్టే, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు చెయ్యనివాళ్ళని, అంటే అనువాదాలు, డాక్యుమెంటేషన్, డిజైన్ లాంటి పనులు చేసేవాళ్ళని, పూర్తి సభ్యులుగా ఆహ్వానించాలని 2010లో ఓటు పెట్టుకుని మరీ తీర్మానించింది. 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలో రిటైరైన ఉద్యోగులు ఎంతమంది రాస్తున్నారో చూడు. మన విజయవాడ డీటీపీ సెంటర్లకి వెళ్ళు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు వేసేవాళ్ళు ఇప్పటికీ అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తోనే ఎందుకున్నారో వాళ్ళ నోట వినాలి. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు. వెబ్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి, కన్వర్టర్‌లో వేసి మార్చాలి, మార్చాక మళ్ళీ దిద్దాలి. పేజ్‌మేకర్ పనే చేసే స్క్రైబస్ ఉంది కదా, ఉచితం కదా అని మనం తేలిగ్గా అంటాం. చాలా ఏళ్ళు అందులో మన వత్తులు సరిగ్గా కూడేవే కావని వాళ్ళకి తెలుసు, అందుకే మళ్ళీ అటు చూడలేదు. ఆ మనిషికి ఒక మెషీన్, ప్రొజెక్టర్, 20 నిమిషాలు ఇవ్వు. పొద్దుట వచ్చిన ఆర్డర్‌ని మన సాఫ్ట్‌వేర్‌లో చేసి చూపించమను, ఎక్కడ ఆగిపోతాడో అందరూ చూస్తారు. ఆ ఆగిపోయిన చోటే మీ పిల్లలకి ఫైనలియర్ ప్రాజెక్టు.

అన్నట్టు, మీ బ్యానర్ డిజైన్‌లో సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట కింద వ వత్తు పడింది. పొల్లు నిలబెట్టే ఆ కనపడని అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టలేదు. డీటీపీవాడెవడైనా చూపు పడగానే పట్టేస్తాడు. ప్రింటుకి ఇచ్చేముందు దిద్దించు.

ఇలాంటివాళ్ళని పిలిచి, రెండోరోజు భోజనాలయ్యాక "యూజర్ల అనుభవాలు" అని ఒక సెషన్‌లో కుక్కకండి. నేను చూసిన సభల్లో ఎక్కువ చోట్ల ఇదే జరిగింది. పొద్దున జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి గారి ఉపన్యాసం, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి గంటన్నర ఆలస్యం. ఆ గంటన్నరా ఎవరి టైములోంచి కోస్తారు? పేరు ముందు డాక్టర్ లేనివాడి టైములోంచే. కూరలో కరివేపాకు బతుకు వాళ్ళది. కాబట్టి ప్రారంభోత్సవం అరగంట దాటనివ్వకు, మొదటి గంటలోనే బయటివాళ్ళ టాక్ ఒకటి పెట్టు. మెడలో వేసుకునే బ్యాడ్జీ మీద పేరు, చేసే ప్రాజెక్టు చాలు. హోదాలు వద్దు. మీ ప్రిన్సిపాల్ గారికి కాస్త కష్టంగా ఉంటుంది, నచ్చచెప్పుకో.

ఇక తేదీలు. గురు, శుక్రవారాలు పెట్టారు, పిల్లలకి అటెండెన్స్ కలిసొస్తుందని కాబోలు. మీరు సభకొస్తే ఆన్ డ్యూటీ, జీతం ఎక్కడికీ పోదు. ప్రైవేటు ఉద్యోగి సెలవు పెట్టాలి, డీటీపీ అతను షాపు మూసుకోవాలి. శని, ఆదివారాలకి మార్చండి. బ్రస్సెల్స్‌లో ఫాస్‌డెమ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సభ ఏటా జరిగేది వారాంతంలోనే. అదీ యూనివర్సిటీ క్యాంపస్సే, కానీ టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఎవరైనా నేరుగా నడిచి లోపలికి పోవచ్చు. మీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఐడీ కార్డు ఏదని అడుగుతాడు కదా. ఆ రెండు రోజులూ అడగొద్దని అతనికి ముందే కాగితం మీద రాసివ్వు, నోటిమాట సరిపోదు.

డబ్బు దగ్గర సిగ్గుపడకు. 2023లో కొచ్చిలో డెబియన్ వాళ్ళ సభ డెబ్‌కాన్ఫ్ జరిగినప్పుడు చూశాం కదా, సొంతంగా వచ్చే కంట్రిబ్యూటర్లకి (ప్రాజెక్టుకి పనిచేసిపెట్టేవాళ్ళకి) ప్రవేశ రుసుము లేదు, కంపెనీలు పంపినవాళ్ళ దగ్గర తీసుకున్నారు. ఖర్చు పెట్టుకుని రాలేనివాళ్ళు ప్రయాణానికి, బసకి బర్సరీ, అంటే డబ్బుసాయం, అడగొచ్చు. అమెరికాలో పైథాన్ ప్రోగ్రామర్ల సభ పైకాన్‌ది ఇంకో పద్ధతి. అక్కడ చాలా ఏళ్ళు వక్తలూ నిర్వాహకులూ కూడా టికెట్ కొనేవారు, ఇబ్బంది ఉన్నవాళ్ళకి విడిగా సాయం చేసేవారు. మీకు మొదటిదే నయం. మన దగ్గర 500 రూపాయల ఫీజు కూడా మొహమాటంగా మానుకునేలా చేస్తుంది. టీఏ కూడా అకౌంట్స్ సెక్షన్‌కి ఒరిజినల్ టికెట్లు, సంస్థ లెటర్ పంపితే మూడు నెలలకి వచ్చేలా కాకుండా, వచ్చినరోజే చేతిలో పెట్టే ఏర్పాటు చెయ్యి. సంస్థే లేనివాడు ఆ లెటర్ ఎవరి దగ్గర తెస్తాడు? స్పాన్సర్ల డబ్బులో ముందు దీనికి తీసి పక్కన పెట్టు, బ్యాగులకీ పెన్నులకీ మిగిలితే చూసుకుందాం.

ఇంకొక్కటి. రెండు రోజులూ వరండాలో ఒక బల్ల వెయ్యండి. ఎవరికైనా ఏ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోనైనా ఇబ్బంది ఉంటే అక్కడికొచ్చి చెప్తారు. ఇద్దరు విద్యార్థులు విని, తమ మెషీన్‌లో అదే తప్పు మళ్ళీ వచ్చేలా చేసి చూసి, స్క్రీన్‌షాట్ తీసి, ఇంగ్లీషులో బగ్ రిపోర్ట్ రాసి ఆ ప్రాజెక్టుకి పంపాలి. చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే రిపోర్టులో వాళ్ళ పేరు ఉండాలి. తెలుగు తప్ప రానివాళ్ళు కూడా కంట్రిబ్యూటర్లు అయ్యే దారి ఇది. మీ పిల్లలకీ సర్టిఫికెట్ కంటే పనికొచ్చే విద్య.

ఆ పిల్లల్ని ముందురోజు సాయంత్రం ఒక రెండు గంటలు నాకు అప్పగించు, నేను ఆ మధ్యాహ్నానికే దిగుతాను. లాప్‌టాప్‌లు వాళ్ళవే తెచ్చుకోమను. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య